ఎద్దుల జత కుదరాలంటే...

జాలరిపేట ఒడ్డున ఇసుకలో బండి తోలినవారికి తెలుసు, బరువు అదే అయినా నేల మారితే ఎద్దు మెడ మీద భారం ఎంత పెరుగుతుందో. చక్రం కూరుకుపోయే చోట రోడ్డు మీద వేసే బరువులో సగమే వేయండి. ములుగర్రతో పొడిచినంత మాత్రాన చక్రం పైకి రాదు.

జత కొనేటప్పుడు మనలో చాలామంది రంగూ కొమ్ములూ చూస్తారు. చూడవలసింది ఎత్తు, నడక. ఒకటి పొట్టిదైతే కాడి ఏటవాలై మెడ ఒరుసుకుపోతుంది. ఎత్తు సరిపోయి బలంలో తేడా ఉందనుకోండి, దానికి ఉపాయం ఉంది. కాడి మధ్య కట్టును బలమైన ఎద్దు వైపు రెండు మూడు అంగుళాలు జరపండి. బరువు ఎక్కువ భాగం దానికే పోయి రెండోది ఊపిరి పీల్చుకుంటుంది.

కోడెకు రెండున్నర, మూడేళ్ల వయసులో పని మరపాలి. మొదటి నాలుగు రోజులు పాత ఎద్దు పక్కన ఉత్త కాడి చాలు. తరువాత తేలికపాటి దుంగ, ఆ తరువాతే నాగలి. దాపట కట్టినదాన్ని దాపటే కట్టండి, రోజుకో పక్క మార్చితే అది దేనికీ అలవాటు పడదు. అదిలింపు మాట కూడా ఇంట్లో అందరూ ఒక్కటే వాడాలి.

పని పశువులకు 1965 నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనలు ఉన్నాయి, గుర్రాలకూ అవే. రోజుకు 9 గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా 5 గంటలు దాటకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు కట్టనే కూడదు. మేకు కర్ర నిషేధం. మెడ వాచిందా, మానేదాకా కాడి పెట్టవద్దు. అదనుపోతుందని కట్టేస్తే ఆ వాపు పుండై, ఆ కారంతా ఎద్దు కొట్టంలోనే ఉంటుంది.

ఇక అసలు చిక్కు, మంచి కోడె ఎక్కడిది? మన ఒంగోలు జాతి బ్రెజిల్‌కు వెళ్లి నెలోర్ పేరుతో మందలు మందలుగా పెరిగింది. ఇక్కడేమో నాటు ఆవుకు ఏ సూది దొరికితే అది వేయిస్తున్నాం. పాలు కావాలంటే జెర్సీ సరే. దానికి పుట్టిన కోడెకు మూపురం సరిగా ఉండదు, ఎండకు రొప్పుతుంది. సేద్యానికి ఎద్దు కావాలనుకునేవారు ఒంగోలు వీర్యమే అడగండి. ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం సూది వేయించాలి.

ఊరి ఆంబోతునే నమ్ముకున్నవారు ఒక్కటి గమనించాలి. మూడేళ్లకు దాని పెయ్యలే ఎదకొస్తాయి. తండ్రితోనే దాటిస్తే పుట్టే దూడలు బక్కచిక్కిపోతాయి, చూలు నిలవడమూ కష్టమే. అప్పటికి ఆంబోతును పక్క ఊరితో మార్చుకోండి. తిరుగుబోతు కోడెలకు పశువైద్యశాలలో విత్తులు నొక్కించండి. దాటిన తేదీ, ఆంబోతు గుర్తు గోడ మీద బొగ్గుతోనైనా రాసి ఉంచితే, ఏ పెయ్యను దేనికి దాటించకూడదో వెతుక్కోనక్కర లేదు.