అవగాహన: అనిమె – చూసి గుర్తుంచుకోవాల్సిన సినిమాలు, సిరీస్‌లు

2024లో రామన్ మెగసెసే అవార్డుల జాబితా వచ్చిన రోజు నా జనరల్ స్టడీస్ క్లాసులో అందరూ ‘హయావో మియజాకి, జపాన్’ అని నోట్సులో రాసుకున్నారు. రెండు నెలలు గడిచాక అదే ప్రశ్న అడిగితే సగం మందికి పేరు తట్టలేదు. ‘స్పిరిటెడ్ అవే’ చూసిన ఇద్దరు మాత్రం ఆయన స్టూడియో పేరు, ఆస్కార్ వచ్చిన ఏడాది, సినిమాలో అమ్మాయి పేరు కూడా గడగడా చెప్పేశారు. అప్పటి నుంచి ఈ పాఠానికి నోట్సు కంటే ముందు సినిమాల జాబితా ఇస్తున్నాను. కింద ఉన్నవన్నీ నేను చూసి, మళ్లీ మళ్లీ చూసి, ఇష్టపడ్డవే. వాటిలో పరీక్షకు పనికొచ్చే అంశాలను ఎక్కడికక్కడ చెబుతాను.

మొదట మాటలు తెలియాలి

‘అనిమె’ అన్నది యానిమేషన్‌కు జపనీయులు కుదించుకున్న మాట. జపాన్‌లో ఏ దేశపు యానిమేషన్‌నైనా ఆ మాటతోనే పిలుస్తారు. బయటి ప్రపంచంలో మాత్రం జపాన్‌లో తయారైన యానిమేషన్‌కే ఆ పేరు స్థిరపడింది. ‘మాంగా’ అంటే జపాన్ కామిక్స్. వాటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. పేరున్న సిరీస్‌లు చాలావరకు మాంగా నుంచి వచ్చినవే.

అభ్యర్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడ: షోనెన్, షోజో, సెయ్‌నెన్, జోసెయ్ అనేవి కథల రకాలు కావు. అవి పాఠకుల వర్గాలు. వరుసగా అబ్బాయిలు, అమ్మాయిలు, వయసొచ్చిన పురుషులు, వయసొచ్చిన స్త్రీలు. కథల రకాలు వేరు: భారీ రోబోల కథలైతే మెకా, వేరే లోకంలోకి వెళ్లిపడే కథలైతే ఇసెకాయ్.

అనిమె మనకు కొత్తేమీ కాదు. 1990లలో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో మోగ్లీ కోసం ఎదురుచూసిన మా తరం చూసింది అనిమెనే. అది 1989లో నిప్పాన్ యానిమేషన్ తీసిన సిరీస్. హిందీ టైటిల్ పాటను గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ స్వరపరిచారు. కథ రాసిన కిప్లింగ్ బొంబాయిలో పుట్టిన ఆంగ్లేయుడు, బొమ్మలు జపాన్‌వి, పాట మనది. డోరేమాన్, షిన్‌చాన్‌లను తెలుగు మాటలతో చూస్తూ పెరిగిన పిల్లలకు ఈ సంగతి ఇంకా దగ్గరిది.

1963 జనవరి 1

ఈ తేదీ గుర్తుంచుకోండి. ఒసాము తెజుకా తీసిన ‘ఆస్ట్రో బాయ్’ ఆ రోజు ఫుజీ టీవీలో మొదలైంది. అంతకు ముందే 1956లో తోయ్ స్టూడియో పుట్టింది, 1958లో రంగుల్లో పూర్తి నిడివి సినిమా ‘హకుజాదెన్’ కూడా తీసింది. కానీ వారం వారం అరగంట చొప్పున ఒకే కథ నడిపే పద్ధతిని నిలబెట్టింది తెజుకా. చదివింది వైద్యం, బతికింది బొమ్మలతో.

డబ్బు తక్కువ, గడువు వారమే. సెకనుకు 24 ఫ్రేములకూ వేర్వేరు బొమ్మలు గీయడం కుదరని పని. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు ఎనిమిదే సరిపోతాయి. పాత్ర మాట్లాడేటప్పుడు నోరు ఒక్కటే కదులుతుంది, మిగతా ముఖం అలాగే ఉంటుంది. దీన్నే లిమిటెడ్ యానిమేషన్ అంటారు. ఖర్చు తగ్గించడానికి పట్టిన దారి చివరికి ఒక శైలిగా మారింది. కదలిక తగ్గిన చోట కళ్లు, నిశ్శబ్దం, నిలిచిపోయిన దృశ్యం ఆ పని చేయడం మొదలుపెట్టాయి. అనిమెలో కళ్లు అంత పెద్దవిగా ఎందుకుంటాయని అడిగేవారికి తెజుకా బొమ్మలు చూపించాలి. ఆయన డిస్నీ సినిమాలను ఎంతగానో ప్రేమించారు, ఆ పెద్ద కళ్లు అక్కడి ప్రభావమే. మనకు సంబంధించిన ఇంకో సంగతి: 1972 నుంచి 1983 వరకు ఆయన బుద్ధుడి జీవితాన్ని ‘బుద్ధ’ పేరుతో సుదీర్ఘమైన మాంగాగా గీశారు.

ఒక్క మాట ప్రశ్నకు: అత్యధిక కాలంగా నడుస్తున్న యానిమేషన్ టీవీ సిరీస్‌గా గిన్నిస్ రికార్డు ఉన్నది ‘సజాయె-సాన్’. 1969 అక్టోబరులో మొదలైంది.

యుద్ధం, అణుబాంబు

ఒక్క అనిమె మాత్రమే చూసే తీరిక ఉందని ఎవరైనా అంటే నేను చెప్పేది ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’. 1988లో ఇసావో తకాహాతా తీశారు. మూలం అకియుకి నొసాకా 1967లో రాసిన కథ. 1945 జూన్‌లో కోబె నగరంపై అమెరికా విమానాలు నిప్పుబాంబులు కురిపించాయి. ఆ దాడిలో తల్లిని పోగొట్టుకున్న పద్నాలుగేళ్ల సెయ్‌తా, నాలుగేళ్ల చెల్లెలు సెత్సుకోల కథ ఇది. సినిమా మొదలే రైల్వే స్టేషన్‌లో ఆ అబ్బాయి చావుతో. ఊడ్చే మనిషి వాడి దగ్గర దొరికిన చిన్న రేకు డబ్బాను బయటి గడ్డిలోకి విసిరేస్తాడు. మూత ఊడి, చిన్న ఎముకల ముక్కలు రాలతాయి. చుట్టూ మిణుగురులు లేస్తాయి. అది చాక్లెట్ల డబ్బా. చివరి వరకు చూశాక ఆ డబ్బాలోకి ఆ ఎముకలు ఎలా వచ్చాయో అర్థమవుతుంది. నాకు ఆ డబ్బా గలగల ఇప్పటికీ వినిపిస్తుంది.

నొసాకా యుద్ధంలో తన చెల్లెలిని నిజంగానే ఆకలికి పోగొట్టుకున్నారు. తకాహాతా తొమ్మిదేళ్ల వయసులో ఒకాయామా బాంబుదాడి నుంచి ప్రాణాలతో బయటపడ్డారు. సినిమాలో మంటలు తెలుగు సినిమా మంటల్లా ఎగసిపడవు, ఇళ్ల కప్పుల మీద చప్పుడు లేకుండా అంటుకుంటాయి. చూసినవాడే అలా గీయగలడు.

దీని తర్వాత ‘బేర్‌ఫుట్ గెన్’ చూడండి. 1983 నాటిది. మూల రచయిత కెయ్‌జి నకజావా ఆరేళ్ల వయసులో హిరోషిమా బాంబు నుంచి బతికి బయటపడినవారు. అందులో బాంబు పడ్డ కొన్ని నిమిషాలు చూడటం చాలా కష్టం, మనసు గట్టిచేసుకోవాలి. మూడోది 2016లో సునావో కటాబుచి తీసిన ‘ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్’. హిరోషిమా నుంచి నౌకాదళ స్థావరమైన కురె పట్టణానికి కోడలిగా వెళ్లిన సుజు కథ. రేషన్ బియ్యాన్ని ఎక్కువ నీళ్లు పోసి ఎలా పెంచాలో ఆమె నేర్చుకునే దృశ్యం యుద్ధకాలపు వంటింటి గురించి ఏ చరిత్ర పుస్తకం కంటే ఎక్కువే చెబుతుంది.

పరీక్ష కోణం: 2024 నోబెల్ శాంతి బహుమతి అణుబాంబు బాధితుల సంఘం ‘నిహోన్ హిదాంక్యో’కు వచ్చింది. అది 1956లో ఏర్పడింది. ఆ బాధితులను జపనీస్‌లో ‘హిబాకుషా’ అంటారు. హిరోషిమా ఆగస్టు 6, నాగసాకి ఆగస్టు 9.

మియజాకి, జిబ్లీ, పర్యావరణం

స్టూడియో జిబ్లీ స్థాపన 1985. స్థాపకులు మియజాకి, తకాహాతా, నిర్మాత తోషియో సుజుకి. మియజాకి తీసిన ‘నౌసికా’ 1984లోనే వచ్చింది కాబట్టి లెక్క ప్రకారం అది జిబ్లీ సినిమా కాదు, ఈ తేడాను ప్రశ్నగా మలచడం తేలిక. మినమాటా అఖాతంలో పాదరసపు కాలుష్యం ఆ కథకు ఒక ప్రేరణ. విషపు అడవి అని అందరూ భయపడే చెట్లు నిజానికి మనిషి పాడుచేసిన నేలను శుద్ధి చేస్తున్నాయని అందులో నౌసికా కనిపెడుతుంది. పాదరసంపై మినమాటా ఒప్పందం 2013లో కుదిరింది, 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో ఆమోదించింది.

నాకు మాత్రం 1997 నాటి ‘ప్రిన్సెస్ మొనొనొకె’ అన్నిటికంటే పైమెట్టు. అడవి దేవుడు నడుస్తుంటే అడుగు పడ్డ చోట గడ్డి, పూలు మొలుస్తాయి, కాలు ఎత్తేలోగా వాడిపోతాయి. పుట్టించడం, చంపడం రెండూ ఆ ఒక్క అడుగులోనే ఉన్నాయి. అడవిని నరికి ఇనుము కరిగించే ఎబొషి అనే స్త్రీ ఇందులో దుర్మార్గురాలు కాదు. కుష్ఠురోగులకు, వేశ్యావాటికల నుంచి విడిపించిన ఆడవాళ్లకు పని, కూడు, గౌరవం ఇచ్చిన మనిషి ఆమె. అభివృద్ధా, పర్యావరణమా అన్న వ్యాసం రాసేవారు ఈ సినిమా చూసి రాస్తే వాదం ఒకవైపుకే ఒరగదు.

‘స్పిరిటెడ్ అవే’ 2001లో విడుదలైంది. 2002లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, 2003లో ఆస్కార్ అందుకుంది. కథలోని అమ్మాయి చిహిరో పనిచేసే స్నానశాలకు కంపుకొట్టే ఒక బురద ముద్ద వస్తుంది. చిహిరో దానిలో గుచ్చుకున్నదేదో పట్టి లాగితే సైకిల్ హ్యాండిల్ చేతికొస్తుంది. అందరూ కలిసి లాగితే ఒక గుట్టంత చెత్త బయటపడుతుంది. అప్పుడు తెలుస్తుంది, ఆ ముద్ద ఒక నదీ దేవత అని. మూసీకి కూతవేటు దూరంలో పెరిగిన నాకు ఆ దృశ్యంలో గొంతు పట్టేసింది.

మరికొన్ని గుర్తుంచుకోవలసినవి: ‘ది బాయ్ అండ్ ది హెరాన్’ 2024లో ఆస్కార్ గెలిచింది. అదే ఏడాది కాన్‌లో స్టూడియో జిబ్లీకి గౌరవ పామ్ డోర్ ఇచ్చారు, ఒక వ్యక్తికి కాకుండా సంస్థకు దాన్ని ఇవ్వడం అదే తొలిసారి.

షిన్‌కాయ్ సినిమాలు, మన థియేటర్లు

మకోతో షిన్‌కాయ్ ‘యువర్ నేమ్’ 2016లో వచ్చింది. ఆయన తర్వాతి సినిమా ‘వెదరింగ్ విత్ యు’ భారత్‌లో విడుదల చేయాలని 50 వేలకు పైగా అభిమానులు సంతకాలు పెట్టారు. 2019 అక్టోబరులో అది ఇక్కడి థియేటర్లకు వచ్చింది. 2022 నాటి ‘సుజుమె’ నాకు ఇంకా ఇష్టం. 2011 మార్చి 11 భూకంపంలో తల్లిని కోల్పోయిన అమ్మాయి, పెద్దయ్యాక తన చిన్ననాటి డైరీ తెరుస్తుంది. ఆ తేదీ నుంచి పేజీ పేజీ నల్ల క్రేయాన్‌తో నింపేసి ఉంటుంది. తీవ్రత 9.0, తర్వాత సునామీ, ఫుకుషిమా అణు ప్రమాదం. విపత్తు నిర్వహణ చదివేవారికి ఈ వరుస తెలిసిందే. విపత్తు తర్వాత పిల్లల మనసు ఏమవుతుందన్నది మాత్రం ఆ నల్ల పేజీలే చెప్పాయి.

సిరీస్‌లు: సమయం చూసుకుని

‘ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్: బ్రదర్‌హుడ్’ 64 ఎపిసోడ్లు. ఏదైనా పొందాలంటే దానికి సమానమైనది ఇవ్వాలన్న నియమం చుట్టూ ఇద్దరు అన్నదమ్ముల కథ. ఒక జాతిని సైన్యం తుడిచిపెట్టిన నేరం గురించి అంత లోతుగా మాట్లాడిన సిరీస్ నేను వేరే చూడలేదు. ‘ఫ్రీరెన్’ మొదటి సీజన్ 28 ఎపిసోడ్లు, వెయ్యేళ్లు బతికే మంత్రగత్తె తన స్నేహితుడైన ఒక మనిషి పోయాక అతన్ని తెలుసుకోలేకపోయానని ఏడవడంతో మొదలవుతుంది. రోజంతా చదివి అలసిపోయిన రాత్రి ‘ముషిషి’ ఒక ఎపిసోడ్ చూసి పడుకోండి, ప్రతిదీ విడి కథ. ‘వన్ పీస్’ 1999 నుంచి నడుస్తోంది, ఎపిసోడ్లు వెయ్యి దాటాయి. పరీక్ష అయ్యేదాకా దాని జోలికి వెళ్లొద్దని ప్రాధేయపడుతున్నాను.

జపాన్ గీసిన రామాయణం

యూగో సాకో అనే జపాన్ దర్శకుడు 1980లలో రామాయణ స్థలాల తవ్వకాలపై డాక్యుమెంటరీ కోసం మన దేశానికి వచ్చారు. ఆ కథ ఆయన్ను వదల్లేదు. జపనీస్‌లో దొరికిన రామాయణాలన్నీ చదివి, సినిమా తీయాలని నిశ్చయించుకున్నారు. భారత యానిమేషన్ పితామహుడిగా పేరున్న రామ్ మోహన్, కోయిచి ససాకి ఆయనతో కలిసి దర్శకత్వం వహించారు. సంగీతం వన్‌రాజ్ భాటియా, పాటలు సంస్కృతంలో. భారత్, జపాన్ దౌత్య సంబంధాలు మొదలైంది 1952లో, సినిమా సిద్ధమైంది నలభయ్యో వార్షికోత్సవానికి. 1993 జనవరిలో ఢిల్లీ అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో చూపించారు. తర్వాత మన థియేటర్లలో ఆడింది లేదు, టీవీలో పిల్లలు చూసి ప్రేమించారు. 2025 జనవరి 24న తెలుగుతో సహా నాలుగు భాషల్లో థియేటర్లలో విడుదలైంది. రామ్ మోహన్‌కు 2014లో పద్మశ్రీ వచ్చింది.

మెయిన్స్‌లో సాఫ్ట్ పవర్ మీద ప్రశ్న వస్తే ఉదాహరణగా ఈ సినిమానే రాయమంటాను. సాఫ్ట్ పవర్ అన్న మాట జోసెఫ్ నై ఇచ్చింది. 2008లో జపాన్ విదేశాంగ శాఖ డోరేమాన్‌ను అనిమె రాయబారిగా నియమించింది, 2016 రియో ఒలింపిక్స్ ముగింపులో ప్రధాని షింజో అబే మారియో వేషంలో కనిపించారు. ఇవన్నీ అందరూ రాస్తారు. జపాన్ తన బొమ్మను మనకు పంపడం ఒకటి, మన కథను తన చేత్తో గీసి తెచ్చివ్వడం ఇంకొకటి.

వైకల్యం: ‘ఎ సైలెంట్ వాయిస్’

2016లో నవోకో యమదా తీసిన సినిమా. మనకు దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే. వినికిడి లేని షోకో అనే అమ్మాయిని బడిలో ఏడిపించిన షోయా, పెద్దయ్యాక ఎవరి ముఖంలోకీ చూడలేడు. అతని కళ్లకు చుట్టూ ఉన్న ప్రతి ముఖం మీదా నీలం రంగు ఇంటూ గుర్తు కనిపిస్తుంది. క్షమాపణ చెప్పడానికి అతను చేసే మొదటి పని సైగల భాష నేర్చుకోవడం. చివర్లో బడి ఉత్సవంలో జనం మధ్య నిలబడి తలెత్తుతాడు. ఒక్కో ముఖం మీది గుర్తు ఊడి, గాలికి ఎగిరి, నేల మీద రాలుతుంది. మాటలు, అడుగుల చప్పుళ్లు, నవ్వులు ఒక్కసారిగా అతని చెవిలో పడతాయి.