హర్ష విషాదములు - హనుమంతుని చూపు

మనస్సు క్రుంగినపుడు మనుష్యుని చూపు తనమీదికే మరలును. ఇంటిలో దిగులుపడి కూర్చున్నవారి మాటలను గమనింపుడు. "నేను", "నాకు", "నా వలన" అను పలుకులే మాటిమాటికి వినవచ్చును. సుందరకాండ పారాయణము చేయువారికి దీనికి దృష్టాంతము పదమూడవ సర్గయందు లభించును.

లంకయంతయు గాలించియు సీతాదేవిని కానక హనుమంతుడు విషాదమునొందెను. అంతవరకు ఆయన దృష్టి గృహములమీదను, పానశాలలమీదను, ఉద్యానములమీదను ప్రసరించుచుండెను. విషాదము కలిగినంతనే, సముద్రలంఘనము వ్యర్థమయ్యెనే, సుగ్రీవుడేమనును, తోడివానరులేమందురు అను తలపులు ముసరినవి. ఈ వార్త విని రాముడు ప్రాణములు విడుచును, పిదప లక్ష్మణుడు, భరత శత్రుఘ్నులు, తల్లులు, తుదకు వానరకులమంతయు నశించునని ఊహ పెరిగిపోయెను. ఇది పరులకొరకైన చింతయే కదా యని తోచవచ్చును. కాని ఆ గొలుసునకు మొదటి లంకె "నేను వెళ్లి చెప్పినచో" అనునదే. వానప్రస్థుడనగుదునా, అగ్నిలో ప్రవేశింతునా అనియు తలపోసెను. ఇంతసేపును ప్రాకారముపైనున్న ఆయనకు అశోకవనము కనుచూపు మేరలోనే యున్నది!

హర్షమును ఇట్టిదే. పదవ సర్గలో మండోదరిని చూచి సీతయని భ్రమించి, భుజములు చరచుకొని, తోకను ముద్దిడుకొని, స్తంభములెక్కి దిగెను. పారాయణ చేయువారు ఇచట నవ్వుకొందురు; నవ్వదగినదే. తన సంతోషములో మునిగి, ఎదుటనున్నది ఎవరో తరచి చూచుట మరచెను. రాముని ఎడబాసిన తల్లి నిద్రింపదు, భుజింపదు, అలంకరించుకొనదు అని సీతమ్మను గూర్చి తలచిన పిదపనే భ్రమ తొలగెను.

మనస్తత్త్వ శాస్త్రజ్ఞులును దీనిని పరిశీలించిరి. దుఃఖము మనుష్యుని దృష్టిని తనవైపు త్రిప్పునని, సంతోషమున అట్లు కనబడలేదని 1990లో జోఆన్ వుడ్ ప్రభృతులు తెలిపిరి. సంతోషమును అట్లే త్రిప్పునని 1992లో పీటర్ సాలోవే చూపెను. వారి చర్చ యెట్లున్నను, వాల్మీకి రెండు స్థితులను ఒక్క రాత్రిలోనే చూపినాడు.

అందుచేతనే దిగులుపడినవారిని "నీలో నీవు ఆలోచించుకొనుము" అని ఏకాంతమున విడుచుటకంటె, తులసికోటకు నీరు పోయుమని పిలుచుట మేలని నా తలంపు. హనుమంతుని విషయములోను జరిగినది ఇదియే. మరణమున దోషములు పెక్కు గలవు, బ్రతికియున్నవాడు శుభములు చూడగలడు అని మొదట నిశ్చయించెను. పిమ్మట మహావృక్షములతో నిండిన వనము కంటబడెను; అది ఇంకను వెదకనిది. అంతట రామలక్ష్మణులకును, జానకికిని, రుద్రేంద్రాదులకును నమస్కరించి, ప్రాకారమునుండి ఆ వనమువైపు దుమికెను.