మన తీరమందలి మత్స్యజాతులు

ఆదాము పశువులకును, ఆకాశపక్షులకును, భూజంతువులకును పేరులు పెట్టెనని మనము బైబిలు తరగతిలో చదివియున్నాము. అచ్చట చేపల ప్రస్తావము లేదు. చేపలకు పేరులు పెట్టెడు పని జాలరులకు మిగిలినది కాబోలు! వారు ఆ పనిని ఎంత చక్కగా నిర్వహించిరో తెలియవలెనన్న, ఏ ఉదయముననైనను సముద్రపుటొడ్డునకు పోయి, పడవలు దరిజేరు వేళ ఒక గంటసేపు నిలిచిన చాలును.

లోకమున ఇంతవఱకు శాస్త్రజ్ఞులు వర్ణించిన మత్స్యజాతులు ముప్పదియైదు వేలకు పైబడియున్నవి. అందు దాదాపు సగము ఉప్పునీటియందు జీవించునట్టివి. భారతదేశపు సముద్రములలోనే రెండువేలకు పైబడిన జాతులు గలవు. అయితే ఈ జాతులన్నియు అన్నిచోట్లను దొరకవు. ఏ చేప ఎచ్చట నుండునో నిర్ణయించు కారణములు ముఖ్యముగా నాలుగు: నీటి ఉప్పదనము, లోతు, అడుగుభాగపు స్వభావము, ఆహారము. ఈ నాలుగింటిని మన తీరమునకు అన్వయించి చూతము.

మొదట ఉప్పదనము. గంగ, మహానది, గోదావరి, కృష్ణ మొదలగు మహానదులు మంచినీటిని కుమ్మరించుటచే బంగాళాఖాతపు పైనీరు అరేబియా సముద్రపు నీటికంటె తక్కువ ఉప్పగా నుండును. ఆ నదులే ఒండ్రుమట్టిని గూడ తెచ్చును. పగడపు పురుగులకు తేటనీరు కావలెను గనుక మన తీరమున పగడపు దిబ్బలు పెరుగవు. కావుననే అండమాను దీవులలోను, లక్షదీవులలోను, మన్నారు సింధుశాఖలోను పగడపు దిబ్బల నాశ్రయించి గుంపులు గుంపులుగా తిరుగు రంగురంగుల చేపలు మనకంత విస్తారముగా కానరావు. విశాఖపట్టణము, భీమునిపట్టణముల వద్ద బండరాళ్లుగల చోట్ల మాత్రము రాతిసందుల దాగి వేటాడు కొన్ని జాతులు నివసించును.

మంచినీరును ఉప్పునీరును కలియు చోట్లు పిల్లచేపలకు ఉయ్యెలలవంటివి. కాకినాడ చెంతనున్న కోరంగి మడ అడవులును, దక్షిణమున పులికాటు సరస్సును ఇట్టి స్థలములు. మడచెట్ల వేళ్లమధ్య పెద్దచేపలు చొరలేవు. రాలిన ఆకులు కుళ్లి ఆహారమగును. కట్టిపరిగలు అచ్చటి బురదలోని సూక్ష్మపదార్థములను తిని పెరుగును. పోటు తీసినప్పుడు బురదమీద గెంతులు వేయు చిన్నచేపలను చూచిన వారికి ఆశ్చర్యము కలుగక మానదు. ఇవి తడిసిన చర్మముతోను, నోటి లోపలి పొరతోను గాలి పీల్చుకొనగలవు.

ఈ సంగమస్థలములను రాకపోకలకు వాడుకొను రెండు చేపలను పోల్చి చూచిన ప్రకృతివైచిత్ర్యము బోధపడును. పులస సముద్రమున పెరిగి, వర్షకాలమున గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినప్పుడు ఏటి కెదురీది గ్రుడ్లు పెట్టును. సముద్రమందున్నప్పుడు దీనిని విలసయనియు, నదిని చేరిన పిదప పులసయనియు గోదావరి ప్రాంతమువారు వాడుదురు. పండుగప్ప నడవడి దీనికి విరుద్ధము. అది సముద్రతీరపు ఉప్పునీట గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు కయ్యలలోనికిని, ఏటిలోనికిని వచ్చి పెరుగును. అంతేకాదు, పండుగప్పలలో పెక్కులు మొదట మగవిగా నుండి, కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట ఆడవిగా మారును. కావున పెద్దచేపలనన్నిటిని పట్టివేసినచో గ్రుడ్లు పెట్టునవియే మిగులవు.

ఇక లోతును, అడుగుభాగమును విచారింతము. ఒడ్డుకు సమీపమున ఇసుకనేలపై అలివివలకు చిక్కునవి నెత్తళ్లు, కవళ్లు, కారలు మొదలగు చిన్నజాతులు. నెత్తళ్లును కవళ్లును నీటిలో తేలియాడు సూక్ష్మజీవులను తిని గుంపులుగా సంచరించును. బురదనేలగల మెఱక సముద్రమున చందువలు, సావళ్లు, జెల్లలు, టేకులు దొరకును. నేలనంటి పండుకొను నాలుకచేపలు పుట్టినప్పుడు ఇతర మత్స్యములవలె ఇరుప్రక్కల చెరియొక కన్నును గలిగియుండి, పెరుగుకొలది ఒక కన్ను రెండవ ప్రక్కకు జరుగగా, రెండు కన్నులతోను పైకి చూచుచుండును. ఇంకను లోపలికి పోయినచో వంజరములు, సూరలు అతివేగముగా ఈదుచు చిన్నచేపల గుంపులను తఱుముచుండును. వీని వీపు నల్లగాను, కడుపు వెండివలెను ఉండుటకు కారణమేమి? పైనుండి చూచు పక్షికి నల్లని వీపు సముద్రపు చీకటిలో కలిసిపోవును; క్రిందినుండి చూచు శత్రువునకు తెల్లని కడుపు ఆకాశపు వెలుగులో కలిసిపోవును.

ఆహారమునకు మూలము గాలియును నీటి కదలికయును. వర్షకాలమునకు ముందు తీరము వెంబడి వీచు గాలి విశాఖపట్టణపు ప్రాంతమున పైనీటిని సముద్రములోనికి త్రోయగా, అడుగునుండి చల్లని సారవంతమైన నీరు పైకి వచ్చును. దానితో సూక్ష్మజీవులు వృద్ధియగును. వానితో చేపలును వృద్ధియగును. మత్స్యముల నివాసములు శాశ్వతములు కావని గూడ గుర్తింపవలెను. పూర్వము పశ్చిమతీరముననే విస్తారముగా దొరకు నూనెకవళ్లు 20వ శతాబ్దపు చివరి దశకములలో తూర్పుతీరమునను మిక్కిలిగా పడ నారంభించెను.

ఈ జ్ఞానము శాస్త్రగ్రంథములకు ఎక్కిన విధము తెలుగువారు గర్వింపదగినది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1781లో మన దేశమునకు వచ్చి, విశాఖపట్టణమున కొన్ని సంవత్సరములు నివసించి, అచ్చటి చేపలను సేకరించెను. రక్తపింజరకు ఆంగ్లమున నేటికిని ఈయన పేరే వాడుకలో నున్నది. ఆయన రెండువందల చేపల చిత్రములును వర్ణనలును గల గ్రంథమును 1803లో లండనులో ప్రకటించెను. చేపలకు జాలరులు చెప్పిన పేరులనే ఆయన అందు వ్రాసికొనెను. ఆ గ్రంథమును చూచి ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడగు కువియే 1816లో కానగంతకు శాస్త్రనామమిచ్చుచు, రస్సెల్ వ్రాసిన కానగుర్త యను పేరునే నిలిపెను. నేడు ఏ దేశపు విద్వాంసుడైనను ఆ చేపను పేర్కొనవలసి వచ్చినప్పుడు రాస్ట్రెల్లిగర్ కానగుర్త అనియే వ్రాయును. చదువురాని జాలరి పలికిన మాట ప్రపంచమంతటను శాస్త్రభాషయైనది!

కాని పేరు నిలిచినంతమాత్రమున చేప నిలువదు. ధవళేశ్వరమున 1852లో పూర్తియైన ఆనకట్టయు, దాని స్థానమున తరువాత కట్టిన బరాజును మన పొలములకు ప్రాణాధారములు. పులస ఎగువదారికి మాత్రము అడ్డుగోడలు. సొరవలె కనబడినను టేకుల వర్గమునకు చెందిన ఱంపపుముక్కు చేప ఒకప్పుడు మన నదీముఖములయందు తిరుగాడినది. దాని పండ్లముక్కు వలలలో చిక్కుకొనుటచేత అది నేడు అరుదైపోయినది. 2001లో ప్రభుత్వము దానిని వన్యప్రాణి సంరక్షణ చట్టమున చేర్చి, పట్టుటను నిషేధించెను. గ్రుడ్లు పెట్టు కాలమున చేపలను రక్షించుటకై తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు యంత్రపు పడవలతో వేట నిలుపుదురు. ఆ రెండు మాసములు జాలరి కుటుంబములకు కష్టకాలమే. సముద్రసంపద అందరిదియైనను, దానిని కాపాడుటకు పస్తుండువారు వారే యని మనము మఱువరాదు.

విద్యార్థులారా! మీలో కొందఱు పల్లెలనుండి వచ్చుచున్నారు. తండ్రి వలవేయునని చెప్పుటకు సిగ్గుపడువారును లేకపోలేదు. గలిలయ సముద్రతీరమున మన ప్రభువు మొదట పిలిచినది ఎవరినో జ్ఞాపకము చేసికొనుడు. ఈ వేసవిసెలవులలో మీ తాతలను, నాయనమ్మలను అడిగి, వారికి తెలిసిన చేపల పేరులను ఒక పుస్తకమున వ్రాయుడు. ఏ మాసమున, ఎంత లోతున, ఏ వలకు పడునో, పూర్వము దొరకి ఇప్పుడు దొరకనివి ఏవియో గూడ చేర్చుడు. పల్లెలు లేని ఊళ్లవారు అంగడికి పోయి చేపలమ్ము స్త్రీలను మర్యాదతో అడిగిన, వారును ప్రేమతో చెప్పుదురు. రస్సెల్ చేసిన పనియు ఇదియే. ఆయన ఇతరులను అడిగి తెలిసికొనవలసివచ్చెను. మీలో కొందఱికి ఆ విద్య ఇంటనే యున్నది.