పెరటిలో తేనెటీగలు: పది నిమిషాల పాఠం



మీ పెరటి గుమ్మడి పాదు విరగబూస్తున్నా పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయా? పురుగుమందు కోసం దుకాణానికి వెళ్ళే ముందు ఒక పని చేయండి. రేపు తెల్లవారగానే పిల్లలను వెంటబెట్టుకుని ఆ పాదు దగ్గర పది నిమిషాలు కదలకుండా కూర్చోండి.

మొదట పూలు మాత్రమే కనిపిస్తాయి. ఓపిక పడితే సన్నని రొద వినిపిస్తుంది. ఒక తేనెటీగ పువ్వులో దూరి, ఒళ్ళంతా పసుపు పూసుకుని బయటికి వస్తుంది. దాని వెనుక కాళ్ళకు అంటుకున్న చిన్న ముద్దలను చూడండి. అవి పుప్పొడి మూటలు. అది ఒక ప్రయాణంలో సాధారణంగా ఒకే జాతి పూలను వెదుక్కుంటుంది. ఆ పట్టుదల వల్లనే గుమ్మడి పుప్పొడి గుమ్మడికే చేరుతుంది.

గుమ్మడిలో మగపూలు వేరు, ఆడపూలు వేరు. పువ్వు కింద బుల్లి పిందె ఉంటే అది ఆడపువ్వు. సన్నని కాడ మాత్రమే ఉంటే మగపువ్వు. ఇవి తెల్లవారుజామున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. జిగటగా ఉండే ఆ పుప్పొడి గాలికి ఎగరదు. ఎవరో మోయాలి. మోసేవారు రాకపోతే పిందె నిలవదు. తెగులు లేకుండానే పిందెలు రాలడానికి ఇదొక ముఖ్య కారణం. అటువంటప్పుడు ఉదయమే మందు చల్లితే, రావలసిన ఆ కొద్ది ఈగలనూ మనమే చంపుకున్నట్లు.

తరువాత వంగ మొక్క దగ్గరకు రండి. వంగ పువ్వులో పుప్పొడి పసుపు గొట్టాల వంటి కేసరాల లోపల దాగి ఉంటుంది. నల్లని పెద్ద తుమ్మెద ఆ కేసరాలను పట్టుకుని జుమ్మని వణికితే, పుప్పొడి జల్లెడలోంచి పిండి రాలినట్లు రాలుతుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. ఎవరి పని వారిదే.

పట్టుకు తిరిగివెళ్ళిన ఈగ, పూలున్న దిక్కును, దూరాన్ని నృత్యం చేసి తోటివారికి తెలుపుతుంది. దీనిని వివరించిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది. మన పాస్కా జాగరణ స్తుతిగీతం కూడా, దాని లతీను మూలంలో, కొవ్వొత్తిని తేనెటీగల శ్రమఫలంగా తలచుకుంటుంది.

కొన్ని జాగ్రత్తలు. పూల మీద ఉన్న ఈగ, నలిపితే తప్ప సాధారణంగా కుట్టదు. ఎత్తయిన కొమ్మలకు, మేడలకు వేలాడే పెద్ద పట్టుల జోలికి మాత్రం పోవద్దు. ఈగ కుడితే ముల్లును వెంటనే తీసివేయండి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. నిమ్మ కొమ్మకు అరచేయంత పట్టు కనిపిస్తే మంట పెట్టకండి. మందు తప్పనిసరైతే విచ్చిన పూల మీద చల్లకండి. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి గనుక ఏ పాదుకు ఏ వేళో ముందు గమనించండి.

ఈ వారం ఇంటిల్లిపాదికీ ఒక అభ్యాసం: ఏడు ఉదయాలు, రోజుకు పది నిమిషాలు, ఒకే పాదు. ఎన్ని ఈగలు వచ్చాయో పిల్లలచేత నోటుపుస్తకంలో రాయించండి. ఒక్కటీ రాకుంటే మగపువ్వు కోసి, రేకులు తీసి, ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దండి. నాలుగు తులసి మొక్కలను పూయనివ్వండి. గులకరాళ్ళు వేసిన పళ్ళెంలో కొద్దిగా నీళ్ళు ఉంచండి. ఖర్చు లేని ఈ సంతోషం మీ పెరటిలోనే ఉంది.