దయ్యమా, దాచుకున్న కోరికా?

ప్రశ్న: హెన్రీ జేమ్స్ ‘ది టర్న్ ఆఫ్ ది స్క్రూ’ (1898)లో దయ్యాలే లేవని, కనిపించేదంతా గవర్నెస్ అణచుకున్న కోరికేనని అంటారు. కథలో అందుకు ఆధారం ఉందా?

జవాబు: ఉంది, బలంగానే ఉంది. 1934లో అమెరికన్ విమర్శకుడు ఎడ్మండ్ విల్సన్ ఈ వాదాన్ని గట్టిగా నిలబెట్టారు. మొదటి దయ్యం కనిపించే ఘట్టం మళ్లీ చదవండి. సాయంత్రం తోటలో ఒంటరిగా నడుస్తూ, ఎవరైనా ఎదురొచ్చి మెచ్చుకోలుగా నవ్వితే ఎంత బాగుండునో అనుకుంటుందామె. ఆమె మనసులో ఉన్నది లండన్‌లోని యజమాని. తలెత్తితే బురుజు మీద మనిషి! అతను పీటర్ క్వింట్, ఆ యజమాని బట్టలే వేసుకు తిరిగి చనిపోయిన నౌకరు. దేనికీ తనను కదిలించవద్దని యజమాని షరతు పెట్టాడు. చెప్పుకునే దారి లేని ప్రేమ, అసహ్యించుకోదగిన రూపంలో ఎదుట నిలిచింది.

1895లో ఫ్రాయిడ్, బ్రాయర్ కలిసి ప్రచురించిన హిస్టీరియా గ్రంథంలో లూసీ ఆర్. అనే గవర్నెస్ ఉంది. మాడిన పుడ్డింగ్ వాసన ఆమెను వదిలేది కాదు. యజమాని మీద ఆమె దాచుకున్న ప్రేమే దానికి మూలమని ఫ్రాయిడ్ తేల్చారు. ఈ పోలిక నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అయితే ఒక చిక్కుంది. తాను ఎన్నడూ ఎరగని క్వింట్ ఎర్రజుట్టును జేమ్స్ గవర్నెస్ వర్ణించగానే, ఇంటి వ్యవహారాలు చూసే మిసెస్ గ్రోస్ అతణ్ని గుర్తుపడుతుంది. విల్సన్ వాదం ఇక్కడ తడబడుతుందని నా అభిప్రాయం. అయినా తన సంరక్షణలో ఉన్న పసివాడు మైల్స్‌ను తన సొంతం చేసుకోవాలన్న ఆమె ఆరాటానికి మాత్రం ఆ కోరిక కన్నా మంచి వివరణ నాకు దొరకలేదు.