రాత్రి అన్నం, మధ్యాహ్నపు మైక్రోవేవ్

పెనుబల్లి,
శుక్రవారం.

చి.ల.సౌ. చిన్నికి పెద్దమ్మ ఆశీస్సులు.

మైక్రోవేవ్ కొన్న వారానికే మీ అత్తగారు ప్లగ్గు పీకించేశారని, పాప పుట్టి ఎనిమిది నెలలే గనక నీకూ లోపల బెరుకుగానే ఉందని రాశావు. వాడాలా, మానాలా అని అడిగావు. వాడు. కానీ నువ్వు భయపడుతున్న చోట భయం లేదు. భయపడాల్సిన చోట నువ్వు నిశ్చింతగా ఉన్నావు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ఆవిడకొచ్చిన వాట్సాప్ కబురు నాకూ వచ్చింది. జపాన్ ప్రభుత్వం దేశంలోని మైక్రోవేవ్‌లన్నీ 2020 దాటకుండా పారేయమందట! 2019లో పనోరమా అనే రష్యన్ వ్యంగ్య వార్తల సంస్థ నవ్వులాటకు రాసింది అది. నవ్వు రష్యాలోనే ఉండిపోయి, భయం ఒక్కటే పెనుబల్లి దాకా వచ్చింది. జపాన్‌లో ఇప్పటికీ దాదాపు ప్రతి వంటింట్లో ఆ పెట్టె ఉంది.

అందులో జరిగేది ఇంతే. మాగ్నెట్రాన్ అనే గొట్టం సెకనుకు 245 కోట్ల సార్లు ఊగే తరంగాలను పుట్టిస్తుంది. కూరలోని నీటి అణువులు వాటి వెంట అటూ ఇటూ తిరగబోయి, ఒకదాన్నొకటి ఒరుసుకుని వేడెక్కుతాయి. యుద్ధకాలపు రాడార్ గొట్టమే అది. 1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ అనే ఇంజనీరు దాని పక్కన నిలబడితే జేబులో మిఠాయి కరిగిపోయిందట, అక్కడ మొదలైంది కథ. ఎక్స్‌రేలా అణువులను చీల్చే శక్తి ఈ తరంగాలకు లేదు. మిషను ఆగిన క్షణమే అవీ ఆగిపోతాయి, అన్నంలో ఏమీ మిగలదు. తలుపు అద్దంలో చిల్లుల రేకు ఉంది చూడు. తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైన, ఆ సన్న చిల్లుల్లోంచి బయటికి రాలేదు. తలుపు వంగినా, కీలు వదులైనా, అంచు కాలినా మాత్రం వాడొద్దు. ఊళ్లో ఎవరితో పడితే వాళ్లతో విప్పించనూ వద్దు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్ ప్రాణం తీసే షాక్ కొడుతుంది.

ఇక అసలు సంగతి. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను. రాత్రి మిగిలిన అన్నం కుక్కర్లోనే మూతపెట్టి వదిలేస్తావు, పొద్దున లేచాక ఫ్రిజ్‌లో పెడతావు, మధ్యాహ్నం మైక్రోవేవ్‌లో పొగలు కక్కేలా వేడి చేసి, ఇంక ఫరవాలేదంటావు. ఫరవా ఉంది తల్లీ. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి మట్టిలోంచి బియ్యంలోకి వస్తుంది. అన్నం ఉడికినా దాని బీజాలు చావవు. గోరువెచ్చటి అన్నంలో గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి, కొన్ని విషం వదులుతాయి. వాంతులు తెప్పించే ఆ విషం 121 డిగ్రీల వేడిలో గంటన్నర పెట్టినా పోదు. నీ పెట్టె దాన్నేం చేస్తుంది, గ్యాస్ పొయ్యి మాత్రం ఏం చేస్తుంది! వాసన రాదు, రుచీ మారదు.

నేను హాస్టల్ వార్డెన్‌గా ఉన్నన్నాళ్లూ దీనిమీదే మా వంటామెతో గొడవ. మిగిలిన అన్నం గంగాళంలో కుప్పగా ఉంచి పైన గోనెపట్టా కప్పేది. సాయంత్రం చెయ్యి పెట్టి చూస్తే నడిమధ్య ఇంకా వెచ్చగానే ఉండేది. పళ్లాల్లో పలుచగా పరిచి ఆరబెట్టమంటే, "అన్నం ఆరబోస్తారా మేడమ్, ఇవేమన్నా వడ్లా?" అని సణిగేది. నువ్వూ అట్లాగే వెడల్పు పళ్లెంలో పరిచి, వేడి తగ్గగానే, ఎట్లా చూసినా రెండు గంటలు దాటకుండా ఫ్రిజ్‌లో పెట్టు. మా ఎండాకాలంలో అయితే గంట కూడా ఎక్కువే. అమ్మమ్మ చద్దన్నం తిని పొలం పోలేదా అంటావేమో. ఆమె నీళ్లు పోసి, మజ్జిగ కలిపి పులియబెట్టేది. ఆ పులుపులో ఈ క్రిమికి పెరగడం కష్టం. కుక్కర్లో వదిలేసిన పొడి అన్నానికి ఆ కాపుదల లేదు.

వేడి చేసేటప్పుడు, తినేంతే తీసి వేడి చెయ్యి. తరంగాలు రెండు మూడు సెంటీమీటర్లకు మించి లోపలికి పోవు, అందుకే పప్పు అంచుల్లో కుతకుతమంటుంటే మధ్యలో చల్లగా ఉంటుంది. నడుమ ఒకసారి ఆపి కలుపు. అన్నమైతే కాసిని నీళ్లు చిలకరించి మూత వదులుగా పెట్టు. ఆగాక రెండు నిమిషాలు అట్లాగే ఉంచితే వేడి అంతటా సర్దుకుంటుంది. గుడ్డు పెంకుతో పెట్టకు, పేలుతుంది. మా లంకాసాగర్ జలాశయం చేపల పులుసు మాత్రం ఇందులో పెట్టకు, ముక్క చిట్లి పెట్టెంతా పులుసవుతుంది. దాని మర్యాద పొయ్యి మీదే. ఉత్త నీళ్లు ఎక్కువసేపు కాచినా ప్రమాదమే. మరగనట్టే కనిపించి, కాఫీ పొడి వెయ్యగానే ముఖం మీదికి ఎగదన్నుతాయి.

డబ్బాల సంగతి కూడా చెప్పాలి. బిర్యానీ తెచ్చిన ప్లాస్టిక్ డబ్బాలన్నీ కడిగి దాచావు. వాటిలో పప్పులు పోసుకో. అడుగున ముక్కోణంలో 5 అంకె ఉంటే పాలీప్రొపిలీన్ అని గుర్తు. వేడికి తట్టుకుంటుందన్నంత వరకే దాని భరోసా. 2023లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు పిల్లల ఆహారపు డబ్బాలను మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో పెట్టి చూశారు. కొన్నింట్లోంచి చదరపు సెంటీమీటరుకు 42 లక్షల దాకా సూక్ష్మ ప్లాస్టిక్ కణాలు, అంతకన్నా సన్నవి 200 కోట్ల పైచిలుకు రాలాయి. పాపకు జావ గాజు గిన్నెలోనే వెచ్చబెట్టు, బాగా కలిపి నీ నాలిక మీద చూసుకున్నాకే పెట్టు. పాలసీసా మాత్రం అసలు పెట్టెలో పెట్టొద్దు. బయట గోరువెచ్చగా ఉండి లోపల నోరు కాలుస్తుంది. వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, మణికట్టు మీద ఓ చుక్క వేసుకు చూడు. మెలమైన్ పళ్లేలు, బంగారు గీత కప్పులు, స్టీలు గిన్నెలు అందులోకి పోకూడదు.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకు. ఆవిడ స్టీలు డబ్బాలు అటక ఎక్కించావటగా, దింపు. ఫ్రిజ్‌లో దాచడానికి వాటిని మించినవి లేవు, వేడి చేసేటప్పుడు గాజు గిన్నెలోకి వంచుకుంటే సరి. నీ తమ్ముడు సోమవారం బస్సుకు వస్తున్నాడు. మూతలున్న గాజు గిన్నెలు రెండు వి.ఎం. బంజరలో కొని వాడితో పంపిస్తున్నాను. అందులో ఒకటి పాపది, కూరలకు వాడకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ