మన ఊరి రాళ్ళు: సేకరించు పద్ధతి

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు గ్రామములలో రాయికి కొదువ లేదు. ఇంటి పునాది, బావి గట్టు, గుడి ముంగిటి మెట్టు అన్నియు రాతివే. ఆదోని కోట నిలిచినది రాతి కొండలమీదనే. ఇంతగా అలవాటైన వస్తువును ఆగి పరికించువారు అరుదు. కాని ఈ రాళ్ళలో కొన్ని భూమి పూర్వచరిత్రను, కొన్ని మన పూర్వుల బ్రతుకు తీరును తెలుపును. కొన్ని రైతు చేతికి ధనము తెచ్చును. కొన్ని తగవులు తెచ్చును. కావున పంచాయతీ సభ్యులు ఈ విషయమును కొంత తెలిసికొనుట మేలు.

ఒక సేకర్త చరిత్ర

రాళ్ళను ఏరి దాచుట పిల్లల ఆటయని మనము అనుకొందుము. నలుబది యేండ్లు ఆ పని చేసి, ఒక దేశపు చరిత్రను వేల యేండ్లు వెనుకకు జరిపినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఆయన 1834లో ఇంగ్లండులో జన్మించి, 1858లో భారత భూగర్భ పరిశోధన శాఖలో ఉద్యోగిగా చేరెను. 1863 మే 30వ తేదీన చెన్నపట్టణము చేరువ పల్లావరము వద్ద ఒక కంకర గుంటలో, మానవుడు చెక్కిన రాతి పనిముట్టు ఆయన కంటబడెను. మన దేశమున పాతరాతి యుగపు మానవుడు నివసించెననుటకు అది తొలి సాక్ష్యమైనది.

కొండలను, శిలల పొరలను పరిశీలించి పటములలో గుర్తించుట ఆయన ఉద్యోగధర్మము. దారిలో కనబడిన రాతి గొడ్డళ్ళను, నూరుడు రాళ్ళను, కుండ పెంకులను ఏరి దాచుట ఆయన సొంత వ్యాసంగము. ఈ విధముగ దక్షిణ భారతమున, గుజరాతునందు నాలుగు వందలకు పైగా స్థలములనుండి ఆయన వస్తువులను కూర్చెను. 1884-85లో బేతంచెర్ల చేరువ, నేటి నంద్యాల జిల్లాలోని, బిల్లసుర్గము గుహలను తన కుమారుడు హెన్రీతో కలిసి త్రవ్వించి, ఖడ్గమృగము మొదలుగా నేడు ఈ సీమలో కానరాని జంతువుల ఎముకలను వెలికి తీసెను.

ఆ కాలమున ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివి. ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోని గ్రామము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు ఈ రెండు తాలూకాలును కర్నూలు జిల్లాలో కలిసినవి. బళ్ళారి జిల్లా భూగర్భ వివరములను ఫుట్ 1895లో గ్రంథముగా ప్రకటించెను. కనుక ఆయన పరిశీలించిన నేలలో మన సీమయు ఒకటి.

ఫుట్ సేకరణను 1904లో మద్రాసు ప్రభుత్వ మ్యూజియము కొనెను. ఆయన 1912లో మరణించెను. ఆ వస్తువుల పట్టికయు, వాటిపై ఆయన వ్రాసిన వివరణయు 1914, 1916 సంవత్సరములలో రెండు సంపుటములుగా అచ్చయినవి. చెన్నైలోని ఎగ్మూరు మ్యూజియమున ఆ సేకరణ నేటికిని ఉన్నది.

చోటు లేని రాయి మూగది

ఫుట్ ఏరినవి చాలవరకు ధరలేని రాళ్ళే. వాటికి విలువ యెట్లు వచ్చెను? ప్రతి వస్తువునకును అది దొరికిన ఊరు పేరు, చోటు ఆయన వ్రాసి యుంచెను. అందుచేత నూరేండ్ల తరువాత వచ్చిన పరిశోధకుడు కూడ ఆ పట్టికను చేతబట్టుకొని అదే గుట్టకు వెళ్ళి చూడగలుగుచున్నాడు.

ఒక ఉదాహరణము తీసికొందము. ఒక రైతు చేనిలో నున్నగా అరగదీసిన నల్లరాతి గొడ్డలి దొరకినదనుకొందము. ఇట్టివి పిడుగుతో ఆకాశమునుండి పడినవని పలు దేశములలో జనులు నమ్మిరి. నిజమునకు ఇవి మూడు నుండి అయిదు వేల యేండ్ల క్రిందట ఈ నేలపై పశువులను మేపి, పైరు పండించినవారి పనిముట్లు. ఆ గొడ్డలి యే సర్వే నంబరులో, ఎంత లోతున, ఏ వస్తువులతో కలిసి దొరకెనో వ్రాసి యుంచినచో, అచ్చట ఒక ప్రాచీన గ్రామము ఉండెనేమో విచారించుటకు వీలు కలుగును. దానిని పట్నములో ఎవరికో అమ్మివేసినచో అది బల్లమీది అలంకారము మాత్రమే. గొడ్డలి చెడదు; దాని సాక్ష్యము మాత్రము చెడిపోవును.

బూడిద దిబ్బల సంగతియు ఇట్టిదే. హంపి చేరువ నింబాపురము వద్ద నున్న దిబ్బను వాలిని దహనము చేసిన చోటని జనులు చెప్పుకొందురు. బళ్ళారి ప్రాంతమున ఇట్టి దిబ్బలు పెక్కు కలవు. 1957లో నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఊట్నూరు దిబ్బను ఆల్చిన్ అను పండితుడు త్రవ్వి పరిశీలింపగా, అచ్చట పశువుల గిట్టల ముద్రలు కనబడెను. ప్రాచీనులు పశువుల దొడ్లలో పేరుకొన్న పేడను మరల మరల కాల్చగా ఏర్పడిన దిబ్బలవి. బండ్లకొలది ఎరువుగా తోలివేసిన దిబ్బ ఈ సంగతిని ఎవరికిని చెప్పజాలదు.

రాళ్ళ కొరకు తిరుగు కన్ను ఇతర సంపదలను కూడ పట్టగలదు. గుత్తికి సమీపమున, కర్నూలు జిల్లాలోని ఎర్రగుడి బండలపై నున్న అశోకుని శాసనములను 1920 దశకపు చివర లోకమునకు తెలిపినవాడు ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడే.

రాయిని గుర్తించుట

మన కొండలలో మిక్కిలిగా కనబడునది గ్రానైటు. దానిలో తెల్లగనో బూడిదరంగుననో గాజువలె మెరయునది పలుగురాయి; గులాబి, తెలుపు రంగుల పలకలు ఫెల్‌స్పార్; రేకులుగా ఊడి వచ్చునది అభ్రకము. గ్రానైటు నడుమ గోడవలె సాగిన నల్లరాతి కట్టలు డోలరైటు అను శిల. ప్రాచీనుల గొడ్డళ్ళలో పెక్కు ఈ నల్లరాతితో చేసినవే.

పరీక్షకు ఖరీదైన పరికరములు అవసరము లేదు. 1812లో మోస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఖనిజముల గట్టితనమును ఒకటి నుండి పది వరకు వరుస పెట్టెను. బలపపు రాయి మెత్తనిది. గోటికే గీత పడును. సున్నపురాతిలోని కాల్సైటు మూడవ మెట్టు. దానిని చాకు గీయగలదు, ఆమ్లపు చుక్క వేసిన పొంగును. పలుగురాయి ఏడవ మెట్టు. చాకు దానిని గీయజాలదు, అదియే గాజును గీయును. కురువిందము తొమ్మిది, వజ్రము పది. ఇనుప ఖనిజములలో ఒకటి సూదంటురాయిని అంటుకొనును. బరువును చేతితో తూచి చూచుట, పగిలిన ముఖమును పరికించుట, పింగాణి పెంకు వెనుక గరుకు భాగముపై గీచి ఆ గీత రంగు చూచుట కూడ మంచి పరీక్షలు.

తొలకరి వజ్రాల వేట

ఏటేట తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర ప్రాంతములకు జనులు గుంపులుగా వచ్చి చేలలో వజ్రముల కొరకు వెదకుట అందరు ఎరిగినదే. వాన నీరు పైమట్టిని కడిగివేయగా రాళ్ళు తేలి మెరయును. అనంతపురము జిల్లాలోని వజ్రకరూరు ప్రాంతమున, భూమి లోతులనుండి వజ్రములను పైకి తెచ్చిన కింబర్లైటు శిల గొట్టముల వలె ఉన్నది. అట్టి శిలలు కోట్ల సంవత్సరములుగా అరిగి, వజ్రములు వాగుల కంకరలోను, ఎర్రనేలలోను చెదరినవి.

ఇచ్చట రెండు హెచ్చరికలు అవసరము. మొదటిది, మెరసినదెల్ల వజ్రము కాదు. చేలలో దొరకు మెరుపురాళ్ళలో అధిక భాగము పలుగురాళ్ళే. వజ్రము పలుగురాతికంటె బరువైనది, నీటిని అంటనీయనిది, కొవ్వునకు అంటుకొనునది. సుత్తితో కొట్టినను వజ్రము పగులదను నమ్మకము పొరపాటు. వజ్రము గీతకు లొంగదు గాని దెబ్బకు కొన్ని దిశలలో చీలిపోవును. ఈ పరీక్షతో మంచి రాళ్ళు ముక్కలైనచో నష్టము పేదవానిదే. రెండవది, చాటుగా జరుగు బేరములో రసీదు ఉండదు, సరియైన తూకము ఉండదు. దొరికిన కూలీకి రాయి విలువ తెలియదు. చేని యజమానికి అది దొరకిన సంగతియే తెలియదు. విత్తుటకు సిద్ధపరచిన నేలను వందల పాదములు త్రొక్కగా రైతు నష్టపడును. ఈ తగవు చివరకు వచ్చునది పంచాయతీ వద్దకే.

చట్టము చెప్పునది

నేలలో దాచబడి, పది రూపాయలకు మించిన విలువగల వస్తువు దొరకినప్పుడు, అది యేమి, ఎచ్చట, ఎప్పుడు దొరకెనో కలెక్టరునకు వ్రాతమూలమున తెలుపవలెనని 1878 నాటి నిక్షేపముల చట్టము విధించుచున్నది. తెలుపక దాచినవాడు తన వాటాను కోల్పోవుటయే గాక శిక్షకును పాత్రుడగును. ప్రకృతిసిద్ధమైన ఖనిజములు వేరు విషయము. వాటి కొరకు గనులు త్రవ్వుటకు 1957 నాటి గనులు, ఖనిజముల చట్టము క్రింద అనుమతి వలయును. ప్రాచీన స్థలములను కాపాడుటకు 1958 నాటి కేంద్ర చట్టమును, 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టమును కలవు. కనుక సేకరణ యనగా నేలను త్రవ్వుట కాదు. పైకి తేలియున్నదానిని చూచుట, వ్రాయుట.

పంచాయతీ చేయదగిన పనులు

గ్రామ పాఠశాలలో ఒక అల్మారాను గ్రామశిలల కొరకు ప్రత్యేకింపవచ్చును. ప్రతి రాతికి ఒక సంఖ్య వేసి, ఒక పుస్తకములో అయిదు సంగతులు వ్రాయవలెను: దొరికిన తేదీ, సర్వే నంబరు లేక గుట్ట పేరు, పైన దొరకెనా లోతున దొరకెనా, చెంత నున్న ఇతర వస్తువులు, తెచ్చినవాని పేరు. ఒక్కొక్క రకమునకు ఒకటి రెండు ముక్కలు చాలును. పనిముట్లు, కుండ పెంకులు, బూడిద పొరలు గుంపుగా కనబడినచోట దేనిని కదల్పక, ఫోటో తీసి, తహశీల్దారునకును పురావస్తు శాఖకును తెలుపవలెను. ఆ పుస్తకములో వారి రాక కూడ వ్రాసియుంచుట మంచిది.

కంకర క్వారీ విషయము గ్రామసభ ముందుకు వచ్చినప్పుడు, ఆ గుట్టపై నూరిన గాడులు, ప్రాచీన సమాధుల రాతివలయములు, బండ చిత్రములు ఉన్నవేమో సభ్యులు స్వయముగా నడచి చూచి, తీర్మానమునకు ముందే తమ పరిశీలనను వ్రాతలో పెట్టవలెను. గుట్ట పొడియైన తరువాత చేయు ఫిర్యాదు గుట్టను తిరిగి తేజాలదు. వజ్రముల వేట సాగు గ్రామములలో తొలకరికి ముందే రైతులను సమావేశపరచి, విత్తిన చేలలోనికి ఎవరును దిగరాదనియు, యజమాని అనుమతి లేక వెదకరాదనియు దండోరా వేయించుట యుక్తము.

గ్రామసభలో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామములో ఏయే గుట్టలకు, దిబ్బలకు పాత కథలు కలవు? వాటిని ఎవరైన వ్రాసియుంచిరా?

2. గడచిన పదేండ్లలో చేలలో దొరికిన పాత వస్తువులు ఇప్పుడు ఎచ్చట నున్నవి?

3. మన గ్రామపు కంకర ఏ గుట్టనుండి వచ్చుచున్నది? ఆ గుట్టను సభ్యులలో ఎందరు చివరివరకు ఎక్కి చూచిరి?

4. పాఠశాల అల్మారా బాధ్యతను, పుస్తకము వ్రాయు బాధ్యతను ఎవరికి అప్పగింతము?

నాలుగవ ప్రశ్నకు ఒక పేరు నిర్ణయమైన దినముననే మొదటి రాతికి ఒకటవ సంఖ్య వేయవచ్చును.